తేనెటీగకూ బెంగ ఉంటుందా?

హైదరాబాదు హైటెక్ సిటీలో ఎత్తైన మేడల అంచుల కింద పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి. అవి కొండ తేనెటీగలవి. వీటిని పెట్టెల్లో పెంచలేము. వీటికి మేడ కూడా ఒక కొండచరియే.

పట్టును కదిపి తరిమితే ఈగకు ఏమనిపిస్తుంది? అడగలేము కదా! ప్రవర్తనను గమనించాలి.

2011లో ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పెంపుడు తేనెటీగలకు రెండు వాసనలు నేర్పారు. మొదటిదాని వెంట చక్కెర పానకం, రెండవదాని వెంట చేదు క్వినైన్ ఇచ్చారు. తీపి వాసనకు ఈగలు నాలుక చాచేవి. చేదు వాసనకు చాచేవి కావు. తరువాత శత్రువు పట్టుపై పడినట్లుగా కొన్నింటిని ఒక నిమిషం కుదిపారు. ఆపైన చేదు వాసనకు దగ్గరగా ఉన్న కొత్త వాసన చూపారు. కుదిపిన ఈగలలో నాలుక చాచినవి తక్కువ! అంటే అవి చెడునే ఎక్కువగా ఊహించాయన్నమాట. కుదిపిన ఈగల శరీరద్రవంలో డోపమిన్, సెరటోనిన్ కూడా తగ్గాయి.

ఇది మన దుఃఖం వంటిదేనని రుజువు కాలేదు. అయినా కుదుపు ఈగ నిర్ణయాన్ని మార్చింది. కొండ తేనెటీగలు ఋతువును బట్టి వాటంతట అవే వలసపోతాయి. కనుక ఎవరికీ అపాయం లేనిచోట పట్టును కాల్చడం కంటే కొన్నాళ్ళు ఆగడం మేలు కాదా? ఆలోచించండి. రాళ్ళు మాత్రం రువ్వకండి. గుంపుగా వచ్చి కుడతాయి!