చేతి కాగితం – కళాస్వరూపం

మన కళాశాలలో ఉర్దూ తరగతిలోనూ తెలుగు తరగతిలోనూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు తరచుగా వినిపిస్తుంటాయి. వాటిలో 'కాగితం' ఒకటి. పారశీకంలోని 'కాగజ్' ఉర్దూలో అలాగే నిలిచి, తెలుగులో కాగితమైనది. ఠావులను లెక్కించే 'దస్తా' అనే మాట చేయి అని అర్థమిచ్చే 'దస్త్' నుంచి పుట్టినది. 'రీము' మాత్రం దూరప్రయాణం చేసినది. మూట అనే అర్థం గల అరబ్బీ 'రిజ్మా' ఐరోపా అంతా తిరిగి, ఆంగ్లం ద్వారా మన స్టేషనరీ దుకాణాలకు చేరినది. తాటాకు మీద గంటంతో వ్రాసిన తెలుగువారు కాగితంతోపాటు దాని మాటలను కూడా స్వీకరించారు.

అయితే రోజూ ఇన్ని ఠావులను నలిపి పారవేసే మనం కాగితాన్ని ఒక వస్తువుగా చూడటం ఏనాడో మానివేశాము. వ్రాతను చూస్తాము, వ్రాత కింద ఉన్నదానిని చూడము. ఆ కిందనున్నదానినే కళగా భావించి, దాని కోసమే అర్ధశతాబ్దంగా పనిచేస్తున్న ఒక కార్యశాలను గురించి ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. అది న్యూయార్క్ నగరంలో ఉన్నది.

1976లో సూసన్ గోసిన్, బ్రూస్ వైన్‌బర్గ్ అనే ఇద్దరు కళాకారులు అక్కడ ఒక చిన్న కాగితపు మిల్లును నెలకొల్పారు. మిల్లు అనగానే మన కళ్లకు కట్టే పొగగొట్టాలు గానీ, వెదురు లారీలు గానీ అక్కడ లేవు. తొట్లు, గుజ్జు దంచే యంత్రం, ఒత్తుడు యంత్రం, కొన్ని చట్రాలు, అంతే. దానికి 'ద్యూ దొన్నే' అని ఫ్రెంచి పేరు పెట్టుకున్నారు. భగవంతుడు ఇచ్చినది అని దాని అర్థం. మన ఉర్దూ విద్యార్థులు దీనిని 'ఖుదాదాద్' అని, తెలుగు విద్యార్థులు 'దేవదత్తం' అని తేలికగా అనువదించుకోగలరు. సోహో ప్రాంతంలో మొదలై, మాన్‌హాటన్‌లోనే స్థలాలు మారి, నేడు బ్రూక్లిన్‌లో పూర్వం యుద్ధనౌకలు నిర్మించిన నేవీ యార్డ్ ప్రాంగణంలో నడుస్తున్న ఈ సంస్థ లాభాపేక్ష లేనిది. చేతితో చేసే కాగితాన్ని కళామాధ్యమంగా నిలబెట్టడమే దాని ఏకైక ఆశయం.

ఇది ఎందుకంత కష్టమైన ఆశయమో తెలియాలంటే కాగితం ఎలా పుడుతుందో తెలియాలి. కాగితమంటే నీటిలో విడివడి, నీరు పోయిన తరువాత తిరిగి కలిసిన నార. దానిని కలిపి ఉంచడానికి జిగురు అక్కరలేదు. నారలోని సెల్యులోజు అణువులు ఎండేటప్పుడు హైడ్రోజన్ బంధాలతో ఒకదానినొకటి పట్టుకుంటాయి. రసాయనశాస్త్ర విద్యార్థులకు ఇది సుపరిచితమే. నారను ఎంత దంచితే అంతగా అది చీలి, నీరు త్రాగి, పట్టు పెంచుకుంటుంది. కొద్దిసేపు మాత్రమే దంచిన పత్తి గుజ్జు మెత్తని, దళసరి అద్దుడు కాగితం వంటి ఠావునిస్తుంది. అవిసె నారను గంటల తరబడి దంచితే ఫలితం వేరు. ఎండేటప్పుడు అది బాగా కుదించుకొనిపోయి, అప్పడంలా ముడుచుకొని, తట్టితే కటకటలాడే పలుచని పొరగా మారుతుంది. ఫిలిప్పీన్స్‌లో పండే అబాకా అనే అరటిజాతి నార ఉల్లిపొరవలె వెలుతురును లోపలికి రానిస్తుంది. ఒకే తొట్టి, ఒకే నీరు. కానీ నార మారితే, దంచిన కాలం మారితే, పుట్టే వస్తువే మారిపోతుంది. చిత్రకారునికి రంగుల పలక ఎటువంటిదో కాగితకారునికి ఈ గుజ్జుల వరుస అటువంటిది.

దంచిన గుజ్జును తొట్టిలో కలుపుతారు. అందులో నూటికి 99 పాళ్లు నీరే. సన్నని జల్లెడ బిగించిన చట్రాన్ని ముంచి, పైకి తీసి, నీరు కారిపోయే ఆ కొద్ది క్షణాలలోనే ముందుకు, ప్రక్కకు కుదుపుతారు. నారలు ఒకదానిపై ఒకటి అడ్డంగా పడి అల్లుకునేది అప్పుడే. తరువాత ఠావును ఉన్ని గుడ్డ మీదకు దింపి, ఒత్తి, ఆరబెడతారు. చెప్పడానికి ఇంతే. కానీ ఆ కుదుపు ఎంత ఉండాలో, ఎప్పుడు ఆపాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. చేయి చూసి చేయి నేర్చుకోవలసినదే.

అందుచేతనే ఈ విద్యకు ఉస్తాద్–షాగిర్దుల పరంపర తప్పనిసరి. అమెరికాలో యంత్రాల ధాటికి చేతి కాగితం దాదాపు అంతరించిన దశలో డార్డ్ హంటర్ అనే పరిశోధకుడు దేశదేశాలు తిరిగి ఈ విద్యను నమోదు చేశాడు. మన దేశపు కాగితకారుల పద్ధతులపై ఆయన వ్రాసిన గ్రంథం 1939లో వెలువడినది. తరువాత డగ్లస్ హౌవెల్ దాదాపు ఒంటరిగా అవిసె నారతో ప్రయోగాలు చేశాడు. ఆయన వద్ద లారెన్స్ బార్కర్, బార్కర్ వద్ద వాల్టర్ హమాడీ, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హమాడీ వద్ద సూసన్ గోసిన్ నేర్చుకున్నారు. మన సంగీత ఘరానాల వంశవృక్షం వంటిదే ఇది. నాలుగు తరాలలో ఏ ఒక్కరు చేయి దించినా ఈ వరుస తెగిపోయి ఉండేది.

ద్యూ దొన్నేకు వచ్చే కళాకారులలో చాలామందికి కాగితం చేయడం రాదు. రావాలన్న నియమమూ లేదు. వారి ప్రక్కన కార్యశాలకు చెందిన కాగితకారుడు నిలబడి పనిచేస్తాడు. అతనిని అక్కడ సహాయకుడు అనరు, సహకారి అంటారు. ఈ పదభేదం చిన్నది కాదని మా అభిప్రాయం. కళాకారుడు రంగు గుజ్జును తడి ఠావుపై పోసి చిత్రిస్తాడు. అప్పుడు రంగు కాగితం పైన ఉండదు, రంగే కాగితమవుతుంది. దక్షిణాఫ్రికా చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ 2009లో ఇక్కడ 'షీట్స్ ఆఫ్ ఎవిడెన్స్' అనే పుస్తకాన్ని తయారుచేశాడు. పుటలు తిప్పితే అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. ఒక పుటను వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడే అందులోని బొమ్మలు, మాటలు బయటపడతాయి. మన రూపాయి నోటులో గాంధీజీ ముఖం కనిపించే వాటర్‌మార్కు సూత్రమే ఇక్కడ సంపూర్ణ కళారూపం ధరించినది. సిరా చుక్క లేని పుస్తకమది!

ఇటువంటి పనిని వ్యాపారం పోషించదు. గుజ్జు ఎలా ఎండుతుందో ముందుగా తెలియదు. రోజుల తరబడి చేసినవి పాడైపోవచ్చు. ఏ చిత్రశాల యజమాని ఆ ఖర్చును భరించడు. అందువల్లనే ఈ కార్యశాల విరాళాలపైన, కళా నిధులపైన, తరగతుల రుసుముపైన, అక్కడ తయారైన కృతుల అమ్మకంపైన ఆధారపడి, యువకళాకారులకు విఫలమయ్యే అవకాశాన్ని కూడా కల్పిస్తున్నది.

ఇక మన దేశం వైపు చూద్దాము. ద్యూ దొన్నే పుట్టడానికి ఒక సంవత్సరం ముందు, 1975లో, ప్రసిద్ధ అమెరికన్ కళాకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అహమ్మదాబాదుకు వచ్చి, గాంధీ ఆశ్రమానికి చెందిన కాగితపు మిల్లులో పనిచేశాడు. తడి కాగితంలో వెదురు బద్దలు, చీర గుడ్డలు పొదిగి ఒక వరుస కృతులు చేశాడు. గుజ్జులో మట్టి, చింతగింజల పొడి, మెంతిపొడి కలిపి ఇంకొక వరుస చేశాడు. మన వంటింటి మెంతులు అమెరికా చిత్రశాలలకు ఎక్కినందుకు సంతోషమే. కానీ ఆ గుజ్జును కలిపిన ఆశ్రమపు పనివారి పేర్లు మనలో ఎందరికి తెలుసు?

అలీగఢ్‌లో 1937లో జన్మించిన జరీనా హాష్మీ కథ మన విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం చదివి 1958లో పట్టా పొందిన ఈమె పారిస్‌లో, టోక్యోలో ముద్రణకళ నేర్చి, 1970లలో న్యూయార్క్‌లో స్థిరపడినది. కాగితపు గుజ్జులో వర్ణకాలు కలిపి, అచ్చులలో పోసి శిల్పాలు చేసినది. స్త్రీల కళాసంస్థలో కాగితవిద్యను బోధించినది. తోబుట్టువు వ్రాసిన ఉర్దూ ఉత్తరాలను ఆధారంగా చేసుకొని 2004లో ముద్రాచిత్రాల వరుసను వెలువరించినది. దేశాలు మారినా ఆమె చిత్రాలలో నస్తాలిఖ్ లిపి మారలేదు. 2020లో లండన్‌లో ఆమె కన్నుమూసినది.

కాగితవిద్య మనకు పరాయిది కాదు. చైనాలో పుట్టి, ఎనిమిదో శతాబ్దంలో సమర్‌ఖండ్, బాగ్దాద్ నగరాలకు చేరిన ఈ విద్యను మన దేశంలో తరతరాలుగా మోసినవారు 'కాగజీ'లు అనే ముస్లిం వృత్తికారులు. సాంగానేరులో వారు నేటికీ ఉన్నారు. ఒకప్పటి హైదరాబాద్ రాజ్యంలో దౌలతాబాదు సమీపంలోని కాగజీపురా వారి పేరుతోనే వెలసినది. మన కోరుట్లలో ముతక కాగితం తయారయ్యేదని, పట్వారీలు దానిపై లెక్కలు వ్రాసేవారని బ్రిటిష్ కాలపు గెజెటీరు తెలుపుతున్నది. కాగజీ చేసిన ఠావుకు గంజి పూసి, నునుపురాయితో రుద్ది మెరుగుపెట్టేవారు. దీనినే 'ఆహార్–ముహ్రా' అంటారు. అటువంటి కాగితంపై సిరా పైపైన నిలుస్తుంది. ఖుష్‌నవీసు తప్పు వ్రాస్తే తడి వేలితో తుడిచి దిద్దుకునేవాడు. ఖుష్‌నవీసు తన కృతి చివర పేరు వ్రాసుకున్నాడు. కాగజీ వ్రాసుకోలేదు.

మన జిల్లాలలో ఆ పరంపర తెగిపోయినది. అటువంటి పాత ఠావులపై వ్రాసిన ప్రతులు మన గ్రంథాలయాలలో శిథిలమైనప్పుడు, వాటిని అతకడానికి జపాను దేశపు పలుచని చేతి కాగితాన్ని వాడటం పరిపాటి. ఈ పరిస్థితిని కళాశాల కమిటీవారి దృష్టికి తేవడం మా కర్తవ్యంగా భావిస్తున్నాము. మన రసాయన ప్రయోగశాలలో ఒక బల్ల, ఒక తొట్టి కేటాయిస్తే మొదలుపెట్టడానికి చాలును. ఒకసారి కాగజీని పిలిపించి వారం రోజులు నేర్పించగలిగితే మరీ మేలు.

అంతవరకు విద్యార్థులు ఇంటివద్ద చేయదగిన ప్రయోగమొకటి ఉన్నది. పాత నూలుగుడ్డను గోరంత ముక్కలుగా కత్తిరించి, చిటికెడు సోడాతో ఉడికించి, బాగా కడిగి, రోట్లో నార విడివడేవరకు దంచాలి. మిక్సీ నారను కోస్తుంది గాని చీల్చదు, కనుక రోలే మంచిది. ఆ గుజ్జును పెద్ద తొట్టి నీటిలో కలిపి, దోమతెర బిగించిన చెక్క చట్రంతో ఎత్తి, పాత దుప్పటి ముక్క మీదకు దింపి, బరువు పెట్టి, నీడలో ఆరబెట్టాలి. ఎండిన ఠావును కిటికీ వద్ద వెలుతురుకు పట్టి చూస్తే పలుచని చోట్లు, దళసరి చోట్లు మబ్బులవలె కనిపిస్తాయి. చట్రం ఎత్తినప్పుడు చేయి ఎక్కడ తడబడినదో అక్కడ గుర్తు ఉంటుంది.