ఎండ – వెలుగు – విద్యుత్తు

తెలుగులో 'ఎండ' అనే ఒక్క మాటలో వెలుగు, వేడిమి రెండూ ఇమిడి ఉన్నవి. అందువల్లనే ఎండ ఎంత తీవ్రమైతే సౌరఫలకం అంత ఎక్కువ విద్యుత్తు నిస్తుందని పలువురు తలుస్తారు. ఈ భావన సరికాదు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల ప్రదర్శించిన సిలికాన్ సౌరఘటం మొదలుకొని నేటి ఫలకాల వరకు అన్నింటికీ వెలుగు ఆహారం, వేడిమి విరోధి.

ఫలకంపై ముద్రించిన వాట్ల లెక్క ప్రయోగశాల స్థితికి చెందినది. అక్కడ ఘటం ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, కాంతి చదరపు మీటరుకు 1000 వాట్లు. రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం మేడపై ఫలకం 70 డిగ్రీలకు చేరడం వింత కాదు. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ తగ్గే శక్తి శాతాన్ని ఉష్ణోగ్రతా గుణకం అంటారు. పాత పాలీక్రిస్టలైన్ రకానికి ఇది సుమారు 0.40; టాప్‌కాన్ రకానికి సుమారు 0.30, హెటెరోజంక్షన్ రకానికి సుమారు 0.25.

ఒక ఉదాహరణ చూద్దాం. 70 డిగ్రీల వద్ద పెరుగుదల 45 డిగ్రీలు. 1000 వాట్ల పాలీక్రిస్టలైన్ ఫలకాలు 18 శాతం కోల్పోయి 820 వాట్లు, టాప్‌కాన్ ఫలకాలు 13.5 శాతం కోల్పోయి 865 వాట్లు ఇస్తాయి. మేడ ఇరుకైనప్పుడు ఈ 45 వాట్ల తేడా విలువైనది. మేడ విశాలమై, ధరలో వ్యత్యాసం అధికమైనప్పుడు చవక రకం ఫలకం ఒకటి అదనంగా అమర్చుకొనడమే వివేకం.

ఎంపిక వలెనే అమరికయు ముఖ్యమే. ఫలకానికీ కప్పుకూ నడుమ గాలి ఆడే ఎడం ఉండాలి. ముఖం దక్షిణానికి, వాలు అక్షాంశానికి దగ్గరగా, అనగా హైదరాబాదులో సుమారు 17 డిగ్రీలు, ఉండడం మేలు. నీళ్ల ట్యాంకు నీడ ఒక మూల పడినా ఉత్పత్తి బాగా తగ్గవచ్చు. దుమ్మును తెల్లవారుజామున కడగాలి. కాగిన గాజుపై చన్నీళ్లు పోయరాదు. ఇన్వర్టరును నీడపట్టున ఉంచాలి. తుపానులు వచ్చే కోస్తాలో చట్రపు బిగింపు మరింత దృఢంగా ఉండాలి.

ఒక కిలోవాటుకు దాదాపు 100 చదరపు అడుగుల చోటు కావాలి. సగటున రోజుకు 4 యూనిట్లు లభిస్తాయి. నెలకు 240 యూనిట్లు వాడే ఇంటికి 2 కిలోవాట్లు చాలును. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయలు రాయితీగా నిర్ణయించింది. మిగిలిన సొమ్ము ఇంటి పెద్దలు కూడబెట్టినదే కదా!

సాధారణంగా అమ్మకందారు చెప్పే 25 సంవత్సరాల హామీ ఉత్పత్తికి సంబంధించినది. వస్తువులోని లోపానికి ఇచ్చే హామీ వేరు. ఈ రెండూ, ఉష్ణోగ్రతా గుణకమూ ఫలకంతో వచ్చే వివరపత్రంలో ఉంటాయి. అది సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. సొమ్ము చెల్లించక పూర్వమే దానిని చదివి, మీ పెద్దలకు తెలుగులోనో ఉర్దూలోనో విప్పి చెప్పడం, విద్యార్థులారా, మీ చదువు ఇంటికి చేయగల తొలి ఉపకారాలలో ఒకటి.