నుదుటిలో గది, ముక్కులో దారి

మీ కనుబొమల మధ్య, ముక్కు మొదలుకు కాస్త పైన, వేలితో తట్టి చూడండి. రాయిలా గట్టిగా ఉంది కదా! కాని ఆ ఎముక లోపల గుల్ల. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటిగా అక్కడ రెండు గాలి గదులుంటాయి. వీటినే ఫ్రంటల్ సైనస్‌లంటారు. పుట్టినప్పుడు మీకివి లేవు. ఏడెనిమిదేళ్ళకు ఎక్స్‌రేలో కనబడేటంత అవుతాయి, ఆ తరువాత యౌవనం దాకా పెరుగుతూనే ఉంటాయి. అంటే మీలో చాలామందికి ఆ గది కట్టుబడి ఇంకా పూర్తికాలేదన్నమాట! కొద్దిమందికి అసలు ఏర్పడనే ఏర్పడదు. దానివల్ల వాళ్ళకు వచ్చిన లోటూ లేదు.

ఈ గదికి ముందుగోడ దళసరి. వెనకగోడ కొన్నిచోట్ల కాగితమంత పలచన. దాని వెనకనే మెదడు పొరలు. గది లోపలి పొర నిత్యం జిగురు ద్రవాన్ని స్రవిస్తుంది. శైలికలనే సూక్ష్మ కేశాలు ఆ ద్రవాన్ని నేలలోని ఇరుకు దారిగుండా ముక్కులోకి నెడతాయి.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల పిల్లలకు ఈ దారి ఎంత ముఖ్యమో విడమరిచి చెప్పనక్కరలేదు. మురుగు కాల్వ ముఖద్వారంలో ఇసుక మేట వేస్తే, గట్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా చేను మునుగుతుంది. నుదుటి గదిలోనూ అంతే.

నుదుటి ఎముక తేలికగా విరగదు. ముఖంలోని ఎముకలలో అతి పెద్ద దెబ్బకు ఓర్చుకునేది అదే. విరిగిందంటే దెబ్బ బలమైనదే. బందరు-విజయవాడ రోడ్డు మీద హెల్మెట్ లేకుండా మోటారుసైకిలు తోలేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అలాంటి దెబ్బ తగిలినవారికి ముందు మెదడు, మెడ, కళ్ళు క్షేమమేనా అని చూస్తారు. నుదుటి వంతు ఆ తరువాతే. ముక్కునుంచి పల్చని నీరు చుక్కలు చుక్కలుగా కారుతుంటే జలుబని పొరబడకూడదు. వెనకగోడ పగిలి, మెదడు చుట్టూ ఉండే మస్తిష్క మేరుద్రవం కారుతూ ఉండవచ్చు. ముక్కు చీదకుండా, దూది కుక్కకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఆ పగులుదారినే సూక్ష్మజీవులు లోపలికి పోతే మెనింజైటిస్ వస్తుంది.

ఏ గోడ విరిగిందో, దారి మూసుకుపోయిందో లేదో సి.టి. స్కాను చూపిస్తుంది. పూర్వం దారి చెడిందంటే పెద్ద ఆపరేషనే. ఒక చెవినుంచి రెండో చెవిదాకా తల మీదుగా కోసి, నుదుటి చర్మాన్ని కిందికి ఒలిచి, గది లోపలి పొరనంతా గీకి, పొట్టలోంచి తీసిన కొవ్వుతో గదిని నింపేవారు. కాల్వ పూడిందని చేనునే పూడ్చినట్టు! ఎముక మరీ నుజ్జయినప్పుడు ఈనాటికీ పెద్ద ఆపరేషన్ తప్పదు.

1959లో ఇంగ్లండుకు చెందిన భౌతికశాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ సన్నని గొట్టంలో చిన్నచిన్న కటకాలకు బదులు పొడుగాటి గాజు కడ్డీలు అమర్చాడు. వెలుతురు ఎన్నోరెట్లు పెరిగింది, బొమ్మ తేటపడింది. 1970లలో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మెసర్‌క్లింగర్ ఇటువంటి ఎండోస్కోపుతో ముక్కు లోపలి దారులను శ్రద్ధగా పరిశీలించాడు. 1990లలో శస్త్రవైద్యులు దీన్ని నుదుటి ఎముకకూ వాడసాగారు. ఇందులో వాడే గొట్టం లావు సుమారు 4 మిల్లీమీటర్లే.

సొట్టపడిన ఇత్తడి బిందెను ఎలా బాగుచేస్తారు? లోపలినుంచి బయటికి కొడతారు. ఇక్కడా అదే కిటుకు. ముక్కుగుండా వెళ్ళి, దారిని వెడల్పు చేసి, లోపలికి కుంగిన ముందుగోడను నెమ్మదిగా పైకి నెడతారు. కొన్నిసార్లు గదిలో చిన్న బెలూను ఉబ్బించి, ముక్కలు కదలకుండా కొన్నాళ్ళు ఉంచుతారు. లేదా జుట్టులో దాగిపోయే చిన్న గాట్లగుండా పైనుంచి పనిచేస్తారు. అయితే ముక్కునుంచి వెళ్ళే పరికరం గదిలో మరీ పైకి, మరీ పక్కకు అందదు.

అందరికీ ఆపరేషన్ అక్కరలేదు కూడా. వాపు తగ్గాక సొట్ట కనబడకపోతే ముందుగోడను ముట్టుకోరు. దారి చాలామందికి తనంతట తానే తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే అప్పుడు ఎండోస్కోపుతో తెరుస్తారు, గది గదిలాగే మిగులుతుంది. తెరుచుకోని సంగతి ఎవరూ గమనించకపోతే లోపలి ద్రవం తిత్తిలా ఊరుతుంది. దాన్ని మ్యూకోసీల్ అంటారు. అది ఎముకను మెల్లగా అరగదీసి, ఏళ్ళ తరువాత కనుగుడ్డును కిందికి నెట్టేదాకా బయటపడకపోవచ్చు. అందుకే నుదుటి గాయం మానిపోయి, నొప్పి మరచిపోయినవారిని కూడా వైద్యులు మళ్ళీ మళ్ళీ స్కానుకు రమ్మంటారు.