నందిగామ నుంచి హైదరాబాద్: చార్జింగ్ ఎక్కడ?

ప్రశ్న: 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు కొన్నాం. హైదరాబాద్ వెళ్లేటప్పుడు సూర్యాపేటలో టిఫిన్ చేస్తూ చార్జింగ్ పెట్టుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, నందిగామ

జవాబు: టిఫిన్‌కి సూర్యాపేట మంచిదే. చార్జింగ్‌కి మాత్రం నార్కట్‌పల్లి నయం.

లెక్క చూడండి. 65వ నంబరు జాతీయ రహదారి మీద ఏసీ వేసుకుని 90 దాటి పోతే యూనిట్‌కి 6 కిలోమీటర్లే అనుకోండి. కంపెనీ చెప్పే రేంజి పెళ్లిచూపుల్లో చెప్పే జీతం లాంటిది! నిండా ఎక్కించి బయల్దేరితే, సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యాపేటకి సగం బ్యాటరీ మిగులుతుంది. అక్కణ్ణుంచి ఇంకో 130 పోవాలి, చేతిలో కాస్త ఉండాలి. అంటే 90 శాతం దాకా ఎక్కించాలి. 80 దాటాక ఫాస్ట్ చార్జర్ కూడా నత్తే. నిండేకొద్దీ బ్యాటరీ కరెంటు తక్కువగా తీసుకుంటుంది. అదే నార్కట్‌పల్లికి 20 శాతంతో చేరితే 65 వరకు పెడితే చాలు. బ్యాటరీ గబగబా తాగేది ఆ మధ్యలోనే. 25 కిలోవాట్ల చార్జర్ మీద అరగంట పైచిలుకు.

టిఫిన్ తింటూ యాప్ తెరిచి, ముందున్న చార్జర్ పనిచేస్తోందా, ఖాళీగా ఉందా చూడండి. తేడాగా ఉంటే సూర్యాపేటలోనే పెట్టేయండి, ఆలస్యమైనా సరే.

వానాకాలం తిరుగు ప్రయాణం వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు వరదకి జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు వద్ద వంతెన దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి వార్త వింటే కోదాడ చేరేసరికి సగం పైన మిగిలేలా ముందే ఎక్కించుకోండి. చుట్టుదారి ఎంత దూరం తిప్పుతుందో మీ కారుకి తెలియదు.