క్రష్ లిస్టు వెనక ఉన్న ఆండ్ గేటు

మైత్రీవనంలో ఒక బ్యాచ్ ఆయుష్షు రెండు మూడు నెలలు. కోర్సు అయిపోగానే పక్క బెంచీలో కూర్చున్న మనిషి బెంగళూరు వెళ్తారో, సొంతూరు వెళ్తారో తెలీదు. మనసులో మాట చెప్పడానికి టైమ్ తక్కువ. చెప్పాక "అలాంటిదేం లేదు" అని వినాల్సొస్తే, మిగిలిన క్లాసులన్నీ అదే రూములో తల దించుకుని కూర్చోవాలి. "ఇద్దరికీ ఇష్టమైతేనే చెప్పు, లేకపోతే ఎవరికీ చెప్పకు" అనే ఆన్‌లైన్ సర్వీసులు ఈ భయం కోసమే పుట్టాయి. అవి ఎలా పనిచేస్తాయో, ఎక్కడ ఫెయిలవుతాయో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు ఫ్లేమ్స్ సంగతి

స్కూల్లో నోట్‌బుక్ చివరి పేజీలో మనమంతా ఆడిందే. రెండు పేర్లలో కామన్ అక్షరాలు కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టి, ఫ్రెండా, లవ్వా, శత్రువా అని తేల్చేస్తాం. ఆన్‌లైన్ లవ్ కాలిక్యులేటర్లు కూడా దాదాపు ఇంతే. వీటికి మనం ఇచ్చే ఇన్‌పుట్ రెండు స్పెల్లింగులు మాత్రమే. పేరులో ఒక అక్షరం ఎక్కువ రాస్తే జవాబే మారిపోవచ్చు. అవతలి మనిషి మనసు ఇన్‌పుట్‌లోనే లేదు, ఇక అవుట్‌పుట్‌లోకి ఎలా వస్తుంది?

ఆర్కుట్ నుంచి ఫేస్‌బుక్ దాకా

నిజంగా రెండో మనిషి ఇన్‌పుట్ అడిగిన సర్వీసు మన సీనియర్లకి బాగా తెలుసు. 2004 జనవరిలో మొదలై 2014 సెప్టెంబర్ 30న మూతపడిన ఆర్కుట్‌లో క్రష్ లిస్టు ఉండేది. అందులో ఒకరి పేరు చేర్చితే వాళ్ళకి తెలిసేది కాదు. వాళ్ళు కూడా మన పేరు చేర్చితేనే ఇద్దరికీ కబురు వచ్చేది. ఫేస్‌బుక్ 2019లో తన డేటింగ్ సర్వీసులో "సీక్రెట్ క్రష్" పేరుతో ఇలాంటి పద్ధతే పెట్టింది. అప్పట్లో గరిష్ఠంగా 9 మంది పేర్లు ఇచ్చే వీలుండేది.

డిజిటల్ ఎలక్ట్రానిక్స్ భాషలో ఇది ఒక ఆండ్ గేటు. రెండు ఇన్‌పుట్లూ 1 అయితేనే అవుట్‌పుట్ 1. మిగిలిన మూడు సందర్భాల్లో 0.

ఆ 9 అనే లిమిట్ ఊరికే పెట్టలేదు. లిమిట్ లేకపోతే ఒకడు క్లాసులో అందరి పేర్లూ చేర్చేసి, తనంటే ఎవరికి ఇష్టమో సరదాగా ఏరుకోవచ్చు. అబద్ధపు 1 ఇచ్చేవాణ్ణి ఆండ్ గేటు పట్టుకోలేదు.

హంస ప్రాబ్లమ్

శ్రీనాథుడి శృంగార నైషధంలో నలదమయంతుల మధ్య రాయబారం నడిపింది హంస. కథ బాగానే నడిచింది, ఎందుకంటే హంస మంచిది. కానీ ఆ ఇద్దరి మనసులో మాటా హంసకి తెలుసు. మన యాప్‌లో సర్వరే ఆ హంస. మ్యాచ్ కాని పేర్లు కూడా దాని డేటాబేస్‌లో ఉంటాయి. 2015లో యాష్లీ మాడిసన్ అనే డేటింగ్ సైటు హ్యాక్ అయినప్పుడు 3 కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటపడ్డాయి.

"ఫోన్ నంబర్ని హ్యాష్ చేసి దాస్తాం" అని ఒక యాప్ చెప్పిందనుకోండి. మన మొబైల్ నంబర్లు 10 అంకెలు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి. అంటే మొత్తం 400 కోట్లకు మించవు. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు వంద కోట్లకు పైగా మామూలు హ్యాష్‌లు చేయగలదు. అన్ని నంబర్లూ ట్రై చేసి అసలు నంబర్ పట్టుకోడానికి కొన్ని సెకన్లు చాలు.

ఐదు పేకముక్కలు

మరి హంసే లేకుండా కుదురుతుందా? కుదురుతుంది. 1989లో బెర్ట్ డెన్ బోర్ అనే క్రిప్టోగ్రాఫర్ చూపించిన పద్ధతి ఇది. మూడు ఎర్ర ముక్కలు, రెండు నల్ల ముక్కలు కావాలి. ఇద్దరి చేతిలో చెరో ఎరుపు, చెరో నలుపు. మిగిలిన ఎరుపు మధ్యలో, బోర్లా.

ఎడమ మనిషి ఇష్టమైతే నలుపు, ఎరుపు అనే వరసలో పెట్టాలి. కుడి మనిషి ఇష్టమైతే ఎరుపు, నలుపు. ఇష్టం లేకపోతే ఎవరి వరస వాళ్ళు తిప్పెయ్యాలి. అన్నీ బోర్లానే. తర్వాత ఇద్దరూ మార్చి మార్చి, ఎన్ని ముక్కలో అవతలివాళ్ళకి కనిపించకుండా, పైనుంచి కొన్ని తీసి కిందకి కట్ చేయాలి. చివర్లో ముక్కల్ని గుండ్రంగా పరిచి తిప్పి చూస్తే, రెండు నలుపులూ పక్కపక్కన ఉంటే ఇద్దరికీ ఇష్టమే. విడిగా ఉంటే కాదు. ఆ "కాదు" ఎవరిదో ముక్కలు చెప్పవు. నాలుగు కేసులూ కాగితం మీద వేసి చూడండి, రెండు నిమిషాల పని.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. నేను "అవును" పెట్టి, జవాబు "కాదు" వస్తే, అవతలివాళ్ళ మాట నాకు తెలిసిపోయినట్టే. ఈ పద్ధతి పరువు కాపాడుతుంది కానీ బాధ ఆపదు. రెండోది, "రా, ఈ ఆట ఆడదాం" అని పిలిచినప్పుడే సగం విషయం చెప్పేసినట్టు!

మ్యాచ్ రాలేదంటే?

చాలామంది పొరపాటుపడేది ఇక్కడే. యాప్‌లో 0 వచ్చిందంటే "ఇష్టం లేదు" అని కావచ్చు, "ఆ యాప్‌లోనే లేరు" అని కూడా కావచ్చు. ఉదాహరణకి ఒక లెక్క. మనమంటే ఇష్టమున్నవాళ్ళు పది మందిలో ఒక్కరే ఆ యాప్ వాడతారనుకుందాం. అప్పుడు ఇష్టమున్నా మ్యాచ్ రాని ఛాన్స్ 90 శాతం. ఇష్టం లేకపోతే 100 శాతం. ముందు ఫిఫ్టీ ఫిఫ్టీ అనుకున్నవాళ్ళు బేయస్ సూత్రం వేస్తే, మ్యాచ్ రాకపోయాక కూడా 47 శాతం దగ్గరే ఉంటారు. అంటే మూడు నెలలు ఫోన్ చూసుకుంటూ గడిపినా కొత్తగా తెలిసింది దాదాపు ఏమీ లేదు. ఈలోపు బ్యాచ్ అయిపోతుంది.

కాబట్టి పేరు టైప్ చేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. అవతలి మనిషి నిజంగా ఈ సర్వీసు వాడుతున్నారా? మ్యాచ్ కాని పేర్లు ఎవరి దగ్గర ఉంటాయి, డిలీట్ చేయొచ్చా? రేపు ఈ లిస్టు బయటపడితే ఇబ్బంది నాకేనా, నేను పేరు రాసిన మనిషికి కూడానా? మూడో ప్రశ్న ముఖ్యం, ఎందుకంటే వాళ్ళ పేరు వాళ్ళని అడగకుండా ఇస్తున్నాం.

జవాబులు నచ్చకపోతే పాత పద్ధతే మిగులుతుంది. బ్యాచ్ చివరి వారంలో, పక్కన ఫ్రెండ్స్ గుంపు లేనప్పుడు, "క్లాసయ్యాక టీ తాగుదామా?" అని ఒక్కసారి అడగండి. "పనుంది" అని తేలిగ్గా తప్పుకునే వీలు వాళ్ళకి ఉండాలి. తప్పుకుంటే అదే జవాబు, రెండోసారి అడగొద్దు.