కాయిల్ మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

అమెరికాలో పాత తెరచాప పడవల్లో యూనివర్సల్ అటామిక్ 4 అనే పెట్రోల్ ఇంజన్ ఇప్పటికీ నడుస్తోంది. 1947లో మొదలై 1984 దాకా తయారైన 30 హార్స్‌పవర్ ఇంజన్ అది. గంటసేపు బాగానే నడిచి టక్కున ఆగిపోవడం, చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్టవడం దానికి తరచూ వచ్చే జబ్బు. అనుమానం ముందుగా ఇగ్నిషన్ కాయిల్ మీదికే పోతుంది. (మన రేవుల్లోని డీజిల్ బోట్లకు ఈ బెడద లేదు, వాటికి కాయిలే ఉండదు.)

ముందు ఇంజన్ గది గాలిని బయటికి తోసే బ్లోవర్ కనీసం 4 నిమిషాలు తిప్పండి. పెట్రోల్ ఆవిరి అడుగున చేరుతుంది, కాబట్టి వాసన కూడా చూడండి. ప్లగ్ ఊడదీసి బయట స్పార్క్ చూసే పద్ధతి పడవలో వద్దే వద్దు.

ఇంజన్ ఎలా ఆగిందో గుర్తు తెచ్చుకోండి. దగ్గుతూ, ఈడుస్తూ ఆగితే పెట్రోల్ వైపు వెతకండి. తాళం తిప్పినట్టు ఆగితే ఇగ్నిషన్ వైపు రండి. కాయిల్ చేతికి వేడిగా తగిలిందని దాన్నే తప్పుపట్టకండి. మంచి కాయిల్ కూడా బాగానే వేడెక్కుతుంది. ఆగిన వెంటనే టైమింగ్ లైటును కాయిల్ నుంచి వచ్చే లావు తీగకు తగిలించి స్టార్టర్ తిప్పండి. లైటు మెరవకపోతే స్పార్క్ లేనట్టే. అప్పుడు స్పేర్ కాయిల్ పెడితే స్టార్టయిందా, దొంగ దొరికాడు. స్టార్టర్ ఎక్కువసేపు తిప్పాల్సి వస్తే సముద్రపు నీటి వాల్వు మూసి తిప్పండి, లేకపోతే సైలెన్సర్ నిండి నీళ్లు సిలిండర్లలోకి వస్తాయి. ఇంజన్ అందుకోగానే వాల్వు తెరవాలి.

అసలు పని ఇప్పుడే మొదలు. కాయిల్ ఎందుకు ఉడికింది? తాళం ఆపి, కాయిల్ తీగలు విప్పి, ప్లస్, మైనస్ మధ్య ఓమ్‌లు కొలవండి. మీటరు పుల్లలు రెండూ ఒకదానికొకటి ఆనిస్తే వచ్చే అంకెను తీసేయండి. 3 ఓమ్‌ల దగ్గర వస్తే నేరుగా 12 వోల్టులకు కలపొచ్చు. 1.5 దగ్గర వస్తే అది కరెంటును తగ్గించే బల్లాస్ట్ రెసిస్టర్‌ను బయట కోరే కాయిల్. ఆ రెసిస్టర్ లేకుండా కలిపి, కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆగి, తాళం ఆన్‌లో ఉండిపోయిందనుకోండి: 12 వోల్టులకు 8 ఆంపియర్లు, అంటే 96 వాట్ల వేడి ఆ చిన్న డబ్బాలోనే! 3 ఓమ్‌ల కాయిల్‌లో అందులో సగమే. అందుకే ఆగిన ఇంజన్ మీద తాళం ఆన్‌లో వదలకూడదు. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టినవాళ్లు దాని తయారీదారు చెప్పిన కనీస ఓమ్‌లు సరిచూసుకోవాలి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వోల్టేజి కూడా చూడండి. 14 అటూ ఇటూ ఉంటే సరే. 15 దాటితే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్‌ది తప్పు. దాన్ని బాగుచేయకుండా ఎన్ని కాయిళ్లు కొన్నా కాలిపోతూనే ఉంటాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఇంజన్ ఆగుతుంటే, కాయిల్‌ను ఇంజన్ మీంచి తీసి గాలి ఆడే పక్క గోడకు నిలువుగా బిగించండి. లావు తీగ కాస్త పొడుగుది కావాలి. బల్లాస్ట్ రెసిస్టర్ ఉంటే చెక్కకూ తీగలకూ ఎడంగా పెట్టండి, అదీ బాగా కాలుతుంది.