వేపుడు వంటలు – నూనె వాడుటలో మెలకువలు

సంత్రాగాఛి హుగ్లీ నదికి పడమట, హౌరా జిల్లాలో, కోల్‌కతా నగరమునకు ఆవలి ఒడ్డున ఉన్న రైల్వే జంక్షను. హౌరా నుండి ఖరగ్‌పూరు మీదుగా తెలుగునాటికి వచ్చు రైళ్లు ఈ ఊరిగుండా సాగును. అయినను బెంగాలీలకు ఈ పేరు వినగానే స్ఫురించునది రైలు మాత్రమే కాదు, కంద కూడ. దానిని వారు ఓల్ అందురు. సంత్రాగాఛి ఓల్ ఆ ప్రాంతమున పేరుపొందినది. రైల్వే కొలువులకై వంగదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది క్రొత్త కూర కాదు. అక్కడి ఓల్ భాజా, మన కంద వేపుడు అక్కచెల్లెండ్రవంటివి. నూనె వేరు, తాలింపు వేరు; బాణలిలో జరుగు పని మాత్రము ఒక్కటియే. ఆ పనిని చక్కగా తెలిసికొన్నచో రుచియు, ఆరోగ్యమును రెండును దక్కును.

దేశదేశముల వేపుళ్లు

వేపుడు ఏ ఒక్క జాతి సొత్తును కాదు. మన రాయలసీమలో అలసందలు నానబెట్టి, రుబ్బి వడలు వేయుదురు. నైజీరియాలోని యోరుబా జనులు అదే జాతి గింజలతో అకరా అను వడలు చేయుదురు. బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికా ప్రజల వెంట ఆ వంటకము బ్రెజిల్ దేశము చేరి, అకరజే అను పేరుతో నేటికిని పామాయిలులో వేగుచున్నది. జపానువారి టెంపురాకు 16వ శతాబ్దమున అచటికి వచ్చిన పోర్చుగీసువారి వంట మూలమని చెప్పుదురు. వంగదేశపు బేగునీ మన వంకాయ బజ్జీకి చుట్టమే. వీనిని ఎప్పుడైన మితముగా తినుటలో దోషము లేదు. దోషమంతయు నూనెను వాడు తీరులోను, తిను పరిమాణములోను కలదు.

బాణలిలో జరుగునదేమి?

ముక్కను కాగిన నూనెలో వేయగనే దానిలోని నీరు ఆవిరియై బుడగలుగా వెలికి వచ్చును. ఆ ఆవిరి బయటికి తోయుచున్నంతసేపు నూనె లోనికి అంతగా చొరజాలదు. నూనె చాలినంత కాగనిచో ఆవిరి బలము తగ్గి, ముక్క ఎక్కువసేపు నూనెలో నాని, దానిని పీల్చుకొనును. మితిమీరి కాగినచో పైభాగము మాడి, లోపల పచ్చిగా మిగులును. నూనెయు పొగలు గ్రక్కి విరిగిపోవును. 170 నుండి 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగినది. చిటికెడు పిండిని వేసినపుడు అది మునిగి, వెంటనే తేలినచో నూనె కాగినదని గ్రహింపవలెను. బయటికి తీసిన వేపుడు చల్లారునప్పుడు పైనున్న నూనె లోనికి ఇంకును. కావున వేడిగా ఉండగనే చిల్లుల గరిటెతో ఓడ్చి తీయవలెను.

మిగిలిన నూనె

పండుగనాడు గారెలు వండిన పిమ్మట బాణలిలో నూనె మిగులును. అంత ఖరీదైన వస్తువును పారబోయుటకు ఏ ఇల్లాలికి చేయి వచ్చును? అందుచే దానిని డబ్బాలో పోసి, మరల మరల కాచుట అనేకుల వాడుక. అపాయమంతయు ఇచటనే ఉన్నది. కాచిన కొలదియు నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టును. అందు పుట్టు విషమ పదార్థములు గుండెకును, రక్తనాళములకును చెరుపు చేయగలవు. పోలార్ పదార్థములు నూటికి 25 పాళ్లు మించిన నూనెను వంటకు వాడరాదని మన దేశమున 2018 జూలై 1 నుండి నియమము అమలులో నున్నది. ఇంటిలో ఈ కొలత తీయజాలము. కావున మిగిలిన నూనెను వడగట్టి, ఒకటి రెండు దినములలో కూరలకును పోపునకును వాడి ముగింపవలెను. మరల వేపుటకు కాచరాదు. మొదటనే కొలిచి, తక్కువ పోసికొనుట అన్నింటికన్న మేలు.

కంద వేపుడు – మంచి పద్ధతి

కందకు లేని దురద కత్తిపీటకేల యని సామెత కలదు గాని, తరుగు చేతికి మాత్రము దురద తప్పదు. అందలి కాల్షియం ఆక్సలేటు సూదులు దీనికి కారణము. చేతులకు కొంచెము నూనె రాచుకొని తరిగి, ముక్కలను చింతపండు నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోయవలెను. ఉడికిన ముక్కలను నూనెలో ముంచి వేపనక్కరలేదు. నలుగురికి సరిపడు అరకిలో కందకు నాలుగు చిన్న చెంచాల నూనె, అనగా సుమారు 20 గ్రాములు, చాలును. మనిషికి వచ్చునది 5 గ్రాములే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కిలోకాలరీల దినాహారమునకు సూచించిన నూనె, కొవ్వులు 27 గ్రాములు. మూత్రపిండములలో రాళ్లున్నవారు కందను గూర్చి వైద్యుని సలహా పొందవలెను.

కల్తీ నూనె

బ్రహ్మదండి గింజలు ఆవాలను పోలియుండును. వాని నూనె కలిసిన ఆవనూనె తిన్నవారికి కాళ్లు వాచి, గుండె దుర్బలమగును. 1877లో నాటి కలకత్తాలో ఈ వ్యాధి గుర్తింపబడినది. 1998లో ఢిల్లీలో 60 మందికి పైగా దీనివలన మరణించిరి. 1988లో కలకత్తాలోని బెహాలాలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేటు కలిసిన వంటనూనె తిని అనేకులకు కాళ్లు, చేతులు చచ్చుబడినవి. విడినూనె నాలుగు రూపాయలు చౌకగా దొరకవచ్చును. పోయిన కాలిసత్తువ మాత్రము ఏ అంగడిలోను దొరకదు.

గుర్తుంచుకొనవలసినవి

1. ముద్రవేసిన, తేదీ గల నూనెనే కొనుడు.
2. నూనెను కొలిచి పోయుడు. దట్టముగా పొగ రానీయకుడు.
3. ఒకసారి వేపిన నూనెను మరల వేపుటకు వాడకుడు.
4. బాణలి అంటుకొన్నచో నీరు పోయరాదు. పొయ్యి ఆర్పి, మూత పెట్టవలెను.
5. ముంచి వేపిన వంటలను పండుగలకు ఉంచుకొనుడు. నిత్యము ఉడికిన కూరలను, ఆకుకూరలను తినుడు.